ఒకటో నెంబరు చెప్పులు

ఏ ఇంటి గుమ్మం ముందైనా చెప్పులు గుంపుగా కనిపిస్తే చాలు, లోపలికి వెళ్ళడం మరిచిపోయి వాటిని మనసులోనే వరసలో పెట్టుకుంటూ నిలబడిపోతాను. ఈ తోలుచెప్పులు ఓపెనింగ్‌కి పనికొస్తాయి. ఆ అరిగిపోయిన హవాయి జత నాలుగో నెంబరు. మడమ కట్టు తెగిన ఆ శాండిల్స్‌ని కింద ఏడో ఎనిమిదో స్థానంలో దాచాలి. పెళ్ళిళ్ళలో మా ఆవిడ ఇది చూసి, "కొత్త జత కోసం చూస్తున్నారనుకుంటారు, రండి," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది. దొంగచూపు కాదని ఆమెకి తెలుసు. ఇది నాకు ఒకరు అంటించిన అలవాటు.

అంటించినాయన మొన్న వానల్లో పోయాడు. బాషా ఫోన్ చేసి చెప్పాడు. బాషాది ప్రొద్దుటూరు. ఒకప్పుడు సౌదీలో, జుబైల్ క్యాంపులో, మాతో పాటు ఉన్న ఏసీ మెకానిక్కు.

"సార్, చాచా పోయినాడు."

ఏ చాచా అని నేను అడగలేదు. మా క్యాంపులో ప్రతి గదికీ ఒక చాచా ఉండేవాడు. ముందు ఏ మాటా తగిలించకుండా ఉత్త చాచా అంటే మాత్రం ఒక్కడే. ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా వాళ్ళలో సగం మంది ఎవరో అనుకుంటారు.

జుబైల్లో మా కంపెనీ ఫ్యాక్టరీలకి మరమ్మతులు చేసేది. ప్లాంటు ఆపిన వారాల్లో పని గొంతు దాకా ఉండేది. ఆపనప్పుడు గొంతులో ఇసుక మాత్రం ఉండేది. వెల్డర్లు, ఫిట్టర్లు ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్ళు. నేను కాకినాడ వాణ్ణి, స్టోర్ కీపర్ని. చాచా నిజామాబాద్ వైపు మనిషి, బస్సు డ్రైవరు. వారమంతా మమ్మల్ని ప్లాంటుకి తీసుకుపోయే బస్సు నడిపేవాడు, శుక్రవారం మా క్రికెట్ జట్టుని నడిపేవాడు. రెండూ ఒకేలా నడిపేవాడు: వెనక ఎవరెంత అరిచినా వినకుండా.

ఆయన ఎక్కడ కూర్చున్నా కుడిచెయ్యి ఊరుకునేది కాదు. గేరు కోసం తడుముకునేది. అన్నం తింటున్నప్పుడు దానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకని చెంచాతో తినేవాడు. ఆలోచనలో పడితే ఆ చెయ్యి గాల్లోనే రెండు నుంచి మూడుకి, మూడు నుంచి నాలుగుకి మారేది. అది చూసి మేం బ్యాటింగ్ వరస మారుతోందని గ్రహించేవాళ్ళం.

జట్టులో నా చోటు నా ఆటకి దొరికింది కాదు. టెన్నిస్ బంతికి చుట్టే కరెంటు టేపు స్టోర్లో ఉండేది, స్టోరు తాళం నా దగ్గర ఉండేది. పిచ్ మీద పరిచే పాత కన్వేయర్ బెల్టు ముక్క కూడా నేనే పారేసినట్టు చూపించి ఇచ్చాను. అలా స్టోరులో ఉన్నవాణ్ణి స్కోరులోకి దించారు.

సీజన్ ఎప్పుడు మొదలవుతుందో చాచాకి క్యాలెండర్ అక్కర్లేదు. ఎండాకాలం పోయాక, బస్సు ఇనప మెట్టు మీద కూర్చుంటే కాలని మొదటి శుక్రవారం, నమాజూ భోజనాలూ అయ్యాక ఆ మెట్టు మీదే కూర్చునేవాడు. అందరం చెప్పులు తెచ్చి ఆయన ముందు కుప్ప పొయ్యాలి. క్యాంపు పక్కన ఉన్నది ఒకటే దుకాణం, దాంట్లో ఉన్నది ఒకటే రకం నీలం రబ్బరు చెప్పులు. అందుకని ఎవడి గుర్తు వాడు పెట్టుకునేవాడు. వెల్డర్లు రాడ్డుతో చుక్కలు కాల్చుకునేవారు, పెయింటర్లు రంగు పూసుకునేవారు. నేను స్టోరు ట్యాగు కట్టుకున్నాను. చాచా ఒక్కో జతా తీసి, దులిపి, గది గోడ వారన వరసలో పెట్టేవాడు. ఎవరి చెప్పులు ఎక్కడుంటే, ఆయనే జరిపితే తప్ప, ఆ సీజన్ అంతా వాడి బ్యాటింగ్ అక్కడ. దానితో పాటు ఎవడు ఎన్ని పరుగులు తీస్తాడో కూడా ముందే ప్రకటించేవాడు. మేం వాటిని బడ్జెట్ సమావేశాలు అనేవాళ్ళం. అన్ని బడ్జెట్‌ల లాగే అదీ లోటు బడ్జెట్టే.

"స్టోర్ సాబ్, నీకు ఈసారి నూటయాభై."

"చాచా, పోయినేడు సీజన్ మొత్తానికి పదకొండు కొట్టాను. అందులో నాలుగు కాలికి తగిలి పోయినవి."

"గందుకే అంటున్న. కడమయన్ని ఇంక నీ లోపల్నే ఉన్నయ్."

ఆయన అంచనాలు నిజమైతే ప్రపంచంలో ఏ జట్టూ మా ముందు నిలిచేది కాదు. నిజానికి పక్క క్యాంపు వంటవాళ్ళ జట్టు మమ్మల్ని నిలువునా వండేది. అయినా మరుసటి ఏడు అంకెలు పెరిగేవే కానీ తగ్గేవి కావు. చాలా రోజులకి నాకు అర్థమైంది, ఆ వరసకీ క్రికెట్‌కీ పెద్దగా చుట్టరికం లేదని. ఇంటి నుంచి మంచి కబురు వచ్చినవాణ్ణి పైకి జరిపేవాడు. ఉత్తరాలు రాక మొహం వేలాడేసుకున్నవాణ్ణి ఇంకా పైకి జరిపేవాడు. తనని మాత్రం ఎప్పుడూ పదకొండో నెంబరులో పెట్టుకునేవాడు. ఎందుకంటే, "డ్రైవరు ఆఖరికి దిగాలె. అందరు దిగినంక," అనేవాడు.

మా అక్క పోయిన సంగతి నాకు తెలిసేసరికి అక్కడ కర్మకాండ కూడా అయిపోయింది. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది, నేను స్టోర్లో ఉన్నాను. ఆ శుక్రవారం ఆటకి పోతే తొమ్మిదో నెంబరులో ఉండాల్సిన నా చెప్పులు మూడో నెంబరులో ఉన్నాయి.

"నాది తొమ్మిది చాచా."

"ఇయ్యాల మూడు. తొమ్మిదైతే గంటసేపు కూసుంటవు. కూసుంటే సోంచాయిస్తవు, మనసు అక్క మీదికి పోతది. పో, నిమ్మళంగ ఆడు."

నిమ్మళం ఆయన ఊతపదం. బస్సు ఎక్కేవాళ్ళకి నిమ్మళంగ ఎక్కుండ్రి, దిగేవాళ్ళకి నిమ్మళంగ దిగుండ్రి, ఆఖరికి కొట్టుకునేవాళ్ళకి కూడా నిమ్మళంగ కొట్టుకోండ్రి.

నేను నిమ్మళంగానే ఆడాను. బంతే తొందరపడింది. రెండో బంతికి వికెట్లు ఎగిరిపోయాయి. వెనక్కి తిరుగుతుంటే చాచా మెట్టు మీంచి లేచి అంపైర్ దగ్గరికి నడిచాడు. అంపైర్ మా క్లినిక్‌లో పనిచేసే మలయాళీ కాంపౌండరు.

"ఓ బాల్ గిన్‌తీ మే నహీ ఆతా. బస్ కా హారన్ బజా," అన్నాడు చాచా, ఆ బంతి లెక్కలోకి రాదని, మధ్యలో బస్సు హారన్ మోగిందని.

"కౌన్‌సా హారన్?"

"రుకో."

అని వెళ్ళి, బస్సెక్కి, హారన్ మీద అరచెయ్యి పెట్టి మైదానం దద్దరిల్లేలా మోగించి, మళ్ళీ దిగి వచ్చి, "అబ్ సునా?" అన్నాడు. ఆ నవ్వుల్లో అవతలి జట్టువాళ్ళే నాకు ఇంకో బంతి ఇచ్చారు. దానికీ ఔటయ్యాను. నవ్వుకుంటూనే తిరిగి వచ్చాను. బస్సు వెనక్కి వెళ్ళేసరికి నవ్వు కాస్తా ఏడుపైంది. నేను ఏడుస్తున్నంతసేపూ చాచా నాకు అడ్డంగా నిలబడి, శుభ్రంగా ఉన్న అద్దాన్ని గుడ్డ పెట్టి తుడుస్తూనే ఉన్నాడు.

ఆయన బడ్జెట్‌కి దగ్గరగా వచ్చిన వాడు మా జట్టులో నర్సయ్య ఒక్కడే. ఆర్మూర్ వైపు మనిషి, పైపు ఫిట్టరు. పీలగా పొడుగు చేతులతో ఉండేవాడు. రోజు మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడేవాడు, అందులో రెండు "అవు", ఒకటి "కాదు". బ్యాట్ పట్టుకుంటే మాత్రం బంతి ఎడారి దాకా పోయేది. ఎడాపెడా కొట్టేవాడు. ఒకటో నెంబరు ఎప్పుడూ అతనిదే. ఆ స్థానానికి చాచా గాల్లో గేరు మార్చి చూసిందే లేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడు, బస్సు మెట్టు ఇంకా చల్లబడకముందే నర్సయ్య తిండి మానేశాడు. రోడ్డు నిండా సైనికుల లారీలు ఉత్తరానికి పోతుండేవి. పైన విమానం పోతే అతని చేతిలో ముద్ద ఆగిపోయేది. విమానం పోయాక కూడా ఆ ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు. మేమంతా భయపడుతూనే తిన్నాం. నేనైతే భయం కొద్దీ ఇంకాస్త ఎక్కువ తిన్నాను. నర్సయ్య మాత్రం చూస్తుండగానే బ్యాట్ అంత సన్నబడ్డాడు.

సెలవు అతనికి ఇంకా రాలేదు. చాచా ఆఫీసు చుట్టూ తిరిగి, ఎవరెవరి గడ్డాలో పట్టుకుని, అతనికి ఇంటికి పోయి మళ్ళీ తిరిగి వచ్చే వీసా వేయించాడు. దాని మీద ఒక గడువు ఉంటుంది. ఆ లోపల తిరిగి వస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

"సీజన్ అయినంక పోత చాచా," అన్నాడు నర్సయ్య, ఎయిర్‌పోర్టుకి పోయే రోజు బస్సు దగ్గర.

"సీజన్ ఏడికి పోతదిరా? నువ్వచ్చినంకనే షురూ చేద్దం. లడాయి గిడాయి ఏం గాదు. నీకు ఈసారి నాలుగొందలు రాసిపెట్టిన. నిమ్మళంగ పో."

నర్సయ్య బూట్లు వేసుకున్నాడు. చెప్పులు తెచ్చి గోడ వారన వరసలో మొదట పెట్టాడు. మా క్యాంపులో అదొక పద్ధతి. పూర్తిగా పోయేవాడు చెప్పులు ఎవరికైనా ఇచ్చి పోతాడు, తిరిగి వచ్చేవాడు విడిచి పోతాడు.

"నా నెంబర్ జూస్కో చాచా," అన్నాడు.

లడాయి ఏం గాదన్న అంచనా కూడా చాచా మిగతా అంచనాల లాంటిదే. యుద్ధం వచ్చింది. సైరన్లు మోగితే, విషవాయువు లోపలికి రాకుండా తలుపుల కింద తడిగుడ్డలు దూర్చి కూర్చునేవాళ్ళం. నేను బంతుల కోసం దాచిన టేపంతా కిటికీలకి అంటించాను. యుద్ధం అయిపోయాక పొగ వచ్చింది. ఉత్తరాన మండుతున్న చమురు బావుల పొగ కమ్ముకుంటే మిట్టమధ్యాహ్నం బస్సుకి లైట్లు వేసి నడిపేవాడు చాచా. ఉతికి ఆరేసిన తెల్లచొక్కా బూడిదరంగులో దిగేది.

అప్పుడే ఒకతను సెలవు మీద ఆర్మూర్ వైపు పోతుంటే, నర్సయ్యకి వినిపించమని క్యాసెట్ నింపి ఇచ్చాం. ఒక్కొక్కరం మాట్లాడాం. నేను ఏదో జోకు వేసి నేనే నవ్వాను. ఆఖరున చాచా గొంతు: "నర్సిగా, లడాయి అయిపోయింది. అందరం మంచిగున్నం. జెర పొగ ఉన్నది గంతే. నువ్వు ఆగమాగం ఉరికి రాకు. గీ పొగల నువ్వు మల్ల తిండి మానేస్తవు. నీ నెంబర్ ఏడికి పోదు. నిమ్మళంగ రా."

నర్సయ్య ఆ మాట విన్నాడు. జట్టు మొత్తంలో చాచా చెప్పింది చెప్పినట్టు చేసేవాడు అతనొక్కడే కదా. పొగ తగ్గిందని తెలిసేదాకా ఊళ్ళోనే ఉండి, తర్వాత పెట్టె సర్దుకుని బొంబాయి వెళ్ళాడు. అక్కడ వీసా చూసి వెనక్కి పంపేశారు. గడువు దాటి తొమ్మిది రోజులైంది.

ఆ కబురు వచ్చినప్పుడు నేను చాచా పక్కనే ఉన్నాను. ఆయన కుడిచెయ్యి తొడ మీద కదలకుండా పడి ఉంది. అది అలా ఊరికే పడి ఉండగా చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆయన నోట నిమ్మళం అన్న మాట నేను వినలేదు. బస్సెక్కేవాళ్ళకి, దిగేవాళ్ళకి, ఎవరికీ అనలేదు. తొందరపెట్టనూ లేదు. ఊరుకునేవాడు.

సీజన్ మాత్రం మొదలుపెట్టాడు. నర్సయ్య చెప్పులు అలాగే మొదట ఉన్నాయి. వాటి పక్కన మిగతావి పేర్చాడు. మ్యాచ్‌కి వెళ్ళాక అంపైర్‌తో, "ఏక్ నెంబర్ ఛుట్టీ పే హై. దో, తీన్ ఉతరేంగే," అన్నాడు. రెండు, మూడు నెంబర్లు దిగారు. కాంపౌండరు నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ ఏడు అది నవ్వుకునే సంగతే.

మరుసటి ఏడూ ఒకటో నెంబరు సెలవులోనే ఉన్నాడు. ఆ పై ఏడూ అంతే. ఏటా సీజన్ ముందు చాచా ఉతికిన చొక్కా వేసుకుని ముదీర్ గదికి, అంటే మేనేజర్ గదికి, నర్సయ్యకి కొత్త వీసా అడగడానికి వెళ్ళేవాడు. "కొత్త వీసాలు లేవు" అన్న ఒక్క మాటనీ ఆయన రోజుకో రకంగా మాకు చెప్పేవాడు. ఇన్‌షా అల్లా అన్నడు. చాయ్ పోయించిండు. ఈసారి మొఖం మంచిగ పెట్టిండు. నేనూ లెక్కలు తెలిసినవాణ్ణే. ముదీర్ మొఖానికి వీసా విలువ కట్టడం మాత్రం నాకు చేతకాలేదు.

ఉమ్రా కోసం మక్కా వెళ్ళి వచ్చినప్పుడు చాచా ఉత్తకాళ్ళతో దిగాడు. మసీదు బయట విడిచిన చెప్పులు ఎవరో వేసుకుపోయారట.

"అంతమంది చెప్పుల్ల నాయి ఏ నెంబర్ల ఉన్నయో ఎవనికి ఎరుక?" అన్నాడు.

"అక్కడ దేవుణ్ణి ఏం అడిగారు చాచా?"

"ఓపెనర్."

బాషా వచ్చింది ఆ రోజుల్లోనే. వచ్చిన రెండో శుక్రవారానికే తెలిసిపోయింది, బ్యాటింగ్ అంటే ఇదీ అని. నర్సయ్య బలంతో కొట్టేవాడు, బాషా మణికట్టుతో కొట్టేవాడు. బడ్జెట్ రోజున చాచా అతని చెప్పులు తీసుకుని, దులిపి, రెండో నెంబరులో పెట్టాడు. బాషా వంగి తన చెప్పులు తీసి ఒకటో నెంబరు దగ్గర పెట్టబోయాడు. అక్కడ ఎండకి వెలిసి తెల్లబడిన జత ఒకటి ఉంది.

"ఇది ఎవరిది?"

"నర్సిగానిది. లీవుల ఉన్నడు."

"ఎప్పటినుంచి?"

గది చూరు కింద పావురాలు మాత్రం గుర్రుమన్నాయి.

"ఏంది చాచా ఇది! నేను ఈడ ఉండా, కాళ్ళతో సహా. ఆయప్ప యాడుండాడో, అసలు ఆట గుర్తుండాదో లేదో. చెప్పులకిచ్చే మర్యాద మనిషికి ఇయ్యవా?"

"రెండు కూడ ఓపెనింగే కదరా."

"అయితే ఆ చెప్పులను రెండులో పెట్టు."

చాచా చెయ్యి గాల్లోకి లేచింది. గేరు పడలేదు. "నా మాట ఇని ఆగిండురా వాడు," అన్నాడు మెల్లగా. "రమ్మనాల్సినప్పుడు నేను రమ్మనకపోతిని. వాని నెంబర్ నేను ఎట్ల తీస్త?"

బాషా తన చెప్పులు చేత్తో పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ సీజన్ మూడు మ్యాచ్‌లు ఆడలేదు. నాలుగో మ్యాచ్‌కి వచ్చి, ఎవరితో మాట్లాడకుండా తన జతని రెండో నెంబరులో పెట్టి, బ్యాట్ తీసుకుని వెళ్ళి కసిగా ఆడాడు.

తర్వాత కంపెనీకి కాంట్రాక్టులు తగ్గాయి. రెండు బస్సులు ఒక బస్సయ్యాయి. రెండో డ్రైవరు చిన్నవాడు, పోతే వాడే పోవాలి. చాచా ఉతికిన చొక్కా వేసుకుని ముదీర్ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి వచ్చి ఏమీ వర్ణించలేదు.

"నేను పోతున్న. ఇగ మల్ల రాను. నా జాగల ఒక హెల్పర్ వీసా ఇస్తరట. నా మనిషికి."

"మీకు షుగరు, బీపీ. ఇంటి దగ్గర ఏం చేస్తారు చాచా?" అన్నాను.

"షుగర్ చాయ్‌ల ఏసుకుంట."

ఆ రోజుల్లో వీసా పని పేరున వచ్చేది. మనిషి పేరు బొంబాయిలో చేరేది. చాచా ఆ కాగితాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. సీజన్ ఇంకా రాలేదు, మెట్టు ఇంకా కాలుతూనే ఉంది. అయినా దాని మీద తువ్వాలు మడిచి వేసుకుని కూర్చుని, అందరి చెప్పులూ తెప్పించి వరస పెట్టాడు. ఒకటి నర్సయ్య, నాలుగొందలు. రెండు బాషా, మూడొందల ఎనభై. తొమ్మిది నేను, నూటయాభై. పదకొండో నెంబరు ఖాళీగా వదిలేశాడు.

ఎయిర్‌పోర్టులో ఆయన్ని దింపడానికి ఆ రెండో డ్రైవరే బస్సు నడిపాడు. చాచా ముందు సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా ఉత్త గేర్లు మారుస్తూ వచ్చాడు.

"అందరికంటే ముందు దిగిపోతున్నారేం?" అన్నాను, పెట్టె అందిస్తూ. ఆ మాట తేలిగ్గా అందామనుకున్నాను. తేలలేదు.

"నా స్టాప్ వచ్చింది, స్టోర్ సాబ్."

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం అదే బస్సు చాచా వీసా మీద వచ్చిన మనిషిని తెచ్చింది. జట్టంతా బయట నిలబడ్డాం. దిగినవాడు పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. పొడుగు చేతులు లేవు.

"నర్సయ్య ఏడీ?" అన్నాను.

"బావ రానన్నడు సార్. మోటర్ల దుకాణం పెట్టుకున్నడు, బోర్ మోటర్లు బాగుచేస్తడు. మంచిగ నడుస్తున్నది. నేను బామ్మర్దిని. గంగారాం."

"క్రికెట్ ఆడతావా?"

"మా ఊర్ల పోరగాండ్లు ఆడుతరు సార్. నేను జూస్త."

గంగారాం బూట్లు విప్పి, పెట్టెలోంచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. బాషా గోడ దగ్గరికి వెళ్ళి ఒకటో నెంబరు జతని తెచ్చి అతని కాళ్ళ ముందు పెట్టాడు.

"ఏసుకో. మీ బావవే."

గంగారాం వేసుకుని ఒక అడుగు వేశాడు. ఇన్నేళ్ళ ఎండకి రబ్బరు బిస్కెట్టులా అయిపోయి ఉంది. పట్టీ పుటుక్కున తెగింది. అతను భయపడి మా వైపు చూశాడు, ఏదో విరగ్గొట్టినట్టు.

ఆ సీజన్ మొదటి శుక్రవారం అయిన మర్నాడు స్టోరు ఫోన్ మోగింది. నేను తీశాను. చాచా గొంతు దూరం నుంచి, అరుస్తున్నట్టుగా: "నర్సిగాడు దిగిండా?"

ఏసీ సామాను తీసుకోవడానికి వచ్చిన బాషా నా మొహం చూసి, రిసీవర్ లాక్కున్నాడు.

"దిగినాడు చాచా! ముప్పై కొట్టినాడు. ఒక సిక్సు చూడాల్సింది నువ్వు, బంతి ఇంకా దొరకలేదు. నేనా? నేను రెండే చాచా. నీ వరసే. మార్చలేదు."

రిసీవర్ పెట్టేసి, సామాను తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి సీజన్ వచ్చిందంటే ఫోన్ వచ్చేది. బాషా వేరే కంపెనీకి పోయాక ఆ పని నా మీద పడింది. బ్యాట్‌తో ఎన్నడూ కొట్టని పరుగులన్నీ నోటితో కొట్టాను. నేను ఉద్యోగం మానుకుని కాకినాడ వచ్చేశాను. జట్టు చెదిరిపోయింది, క్యాంపు కూడా ఎత్తేశారని విన్నాను. చాచా కాకినాడ నెంబరుకే ఫోన్ చేసి, "నర్సిగాడు ఎట్ల ఆడుతున్నడు?" అనేవాడు. నేను మా వరండాలో పడకకుర్చీలో కూర్చుని జుబైల్లో నర్సయ్య చేత యాభైలు కొట్టించేవాణ్ణి. ఒకసారి హుషారెక్కి సెంచరీ కూడా చేయించాను. అన్నీ నమ్మేవాడు. ఇంత అమాయకుడేమిటా అని జాలిపడేవాణ్ణి. ఆయన ఊరికీ నర్సయ్య ఊరికీ మధ్య బస్సులో గంట దూరమే అన్న సంగతి నాకెందుకో తట్టలేదు.

నలభయ్యో రోజు ఫాతిహాకి నేనూ బాషా వెళ్ళాం. చిన్న డాబా ఇల్లు. గుమ్మం ముందు చెప్పులు కుప్పలుగా ఉన్నాయి. నేను అలవాటుగా ఆగాను. బాషా నన్ను లాగలేదు, తనూ ఆగాడు. లోపల ప్రార్థన అయ్యాక, వేపచెట్టు కింద కుర్చీలో ఒక పొడుగు చేతుల మనిషి కనిపించాడు. తల పండిపోయింది. చేతులకి గ్రీజు మరకలు.

"నర్సయ్యా?"

"అవు. స్టోర్ సార్ కదా మీరు."

బాషాని పరిచయం చేశాను. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు.

"మీరు రెండు నెంబర్ కదా," అన్నాడు నర్సయ్య.

బాషా తలూపాడు.

"చాచాకి తెలుసా నర్సయ్యా, నువ్వు జుబైల్ రాలేదని?" అని అడిగాను.

"ఎందుకు తెల్వదు సార్. ఊర్ల దిగిన మూడోనాడే వీసా కాగితం పట్టుకొని మా దుకాండ్లకు అచ్చిండు. పోరా, నీ నెంబర్ అట్లనే ఉన్నది, పోరా అని మస్తు బతిమిలాడిండు. నేను పోనంటి. దుకాణం ఇడిసి ఎట్ల పోత? బామ్మర్దిని పంపుత అన్న. చాయ్ తాగి పోయిండు."

"మరి మాకు ఫోన్ చేసి..."

"అదే సార్. సీజన్ షురూ అయినంక మల్ల అచ్చిండు. నా ముంగట కూసొని, 'నర్సిగా, జుబైల్ల ముప్పై కొట్టినవురా' అన్నడు. ఊకున్న. ఇగ అప్పట్నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా మరునాడు అచ్చి నాకు చెప్పేటోడు, నేను ఎన్ని కొట్టిన్నో." కుర్చీ నా వైపు జరిపాడు. "నూరు కొట్టినవన్న రోజు మిఠాయి తెచ్చిండు. దుకాండ్ల మోటర్లు చేయించుకోను అచ్చినోళ్ళందరికీ పంచిండు. ఎందుకు కాకా అంటే, మా నర్సిగాడు నూరు కొట్టిండు అన్నడు. వాండ్లు నా దిక్కు జూసిండ్రు."

బాషా లేచి, కాస్త దూరం పోయి నిలబడ్డాడు.

"ఆఖరుకు మంచంల పడ్డంక నేనే పోయిన సార్. మాట సరిగ అస్తలేకుండె. ఎన్నడు అడగలేదు, ఆ దినం నేనే అడిగిన. చాచా, ఎన్ని కొట్టిన అన్న."

"ఏమన్నాడు?"

నర్సయ్య గ్రీజు చేతుల్ని మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకుంటూ చెప్పాడు.

"ఇంక ఔట్ కాలేదురా, ఆడుతనే ఉన్నవన్నడు. నిమ్మళంగ ఆడు అన్నడు."